మాదొక్కటే ఉండాదక్కా

మా అమలాపురంలో ఎవరైనా యాత్ర చేసొచ్చామంటే కాశీయో అరుణాచలమో అయ్యుండాలి, లేదా కనీసం ఊటీ. నేను ఈ ఎండాకాలం ఒక కరెంటు పెట్టెను చూసొచ్చాను. ఈ మాట అనగానే మా కర్రీ పాయింటుకు రోజూ వచ్చే మాస్టారు పప్పు పొట్లం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "దానికి అనంతపురం దాకా వెళ్ళాలా అండీ? మీ వీధి చివరే ఉందిగా ట్రాన్స్‌ఫార్మరు!" అన్నారు. ఆయనకు నోటితో చెప్పబోతే ఇటు వంకాయ కూర అడుగంటింది. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అసలు నేను వెళ్ళింది పెట్టె కోసం కాదు, మా అక్క కూతురు శ్రావణి కోసం. అది ఇంజనీరు. బెంగళూరులో ఇలాంటి పెట్టెలు చేసే ఒక చిన్న కంపెనీలో చేరి, ఏడాదిగా అనంతపురంలో గది తీసుకుని ఒక్కతే ఉంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా "తిన్నాను" అనే ఒక్క ముక్కే చెబుతోందని మా అక్కకు అనుమానం. "నువ్వు వంటమనిషివి. దాని మొహం చూస్తే నీకు తెలిసిపోతుంది. వెళ్ళి చూసిరా" అంది. రోహిణి కార్తెలో అనంతపురం వెళ్ళమనడానికి సొంత అక్కే అయ్యుండాలి.

అనంతపురం: బొరుగులతో ఉప్మా

రాజమండ్రిలో సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి అనంతపురం. శ్రావణికని పట్టుకెళ్ళిన పూతరేకులు పైబెర్తు ఆయన సూటుకేసు కింద పడి పొడుమైపోయాయి. స్టేషన్లో దాని మొహం చూస్తే నలిగిన పూతరేకుల్లాగే ఉంది. చిక్కింది, కళ్ళ కింద నల్లబడింది. ఇంకేం అడగకుండా చెయ్యి పట్టుకుని ఎదురుగా కనబడ్డ బండి దగ్గరికి లాక్కుపోయాను.

అక్కడ తిన్నది ఉగ్గాని. మరమరాల్ని వీళ్ళు బొరుగులంటారు. వాటిని నీళ్ళలో ముంచి, పిండి, ఉల్లిపాయా పసుపూ తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. మా ఊళ్ళో ముప్పైకి రెండిడ్లీలొస్తే గొప్ప. మరమరాల్ని తడిపి తినడమేంటని మొదట మొహం చిట్లించాను. రెండో ప్లేటు చెప్పేటప్పుడు ఆ సంగతి గుర్తు చేయొద్దని శ్రావణికి ముందే చెప్పాను.

"ఏమక్కా, యా ఊరు?" అని అడిగాడు బండాయన.

"కోనసీమండీ. గోదావరి."

"ఓహో, నీళ్ళోళ్ళా!" అన్నాడు. ఆ పేరు అక్కణ్ణించి తిరిగొచ్చేదాకా నన్ను వదల్లేదు.

గార్లదిన్నె: బుద్ధిమంతుడు

ముందు గార్లదిన్నె దగ్గర ఒక పెట్టెను చూసుకుని వద్దామంది శ్రావణి. రోడ్డు పక్క పొలంలో రెండు స్తంభాల మధ్య నా ఎత్తు ఇనప పెట్టె, పైన చిన్న యాంటెన్నా. కరెంటంటే నాకు చిన్నప్పట్నుంచీ హడలు. మా గ్రైండరు స్విచ్చి కూడా చెక్క గరిటెతో వేస్తాను. పది అడుగుల దూరంలో నిలబడే "ఇదేం చేస్తుందే?" అని అడిగాను.

"బోర్ల లైనుకి కాపలా కాస్తుంది పిన్నీ. ఒకేసారి ఎక్కువ మోటార్లు తిరిగి లోడు మించిపోతే, ట్రాన్స్‌ఫార్మరు కాలకముందే లైను తనే తీసేస్తుంది. కాసేపాగి తనే వేస్తుంది. మూడుసార్లు వేసినా లోడు తగ్గకపోతే ఇంక వెయ్యదు. మేమెవరమైనా చూసి, సరిచేసి వేస్తేనే మళ్ళీ కరెంటు. ఎంత లోడుందో ఎక్కడున్నా ఇందులో కనిపిస్తుంది" అని ఫోన్ చూపించింది. తెర మీద ఒక నీలం గీత నెమ్మదిగా పాకుతోంది. అక్కడ మీటనొక్కితే ఇక్కడ లైను పడుతుందట. మా ఇంట్లో టీవీ రిమోట్ గది దాటితే పనిచెయ్యదు.

ఈ పెట్టె బుద్ధిమంతుడు, ఏ గొడవా లేదు. దాని తలుపు మీద చెయ్యి వేసి శ్రావణి నిట్టూర్చింది. "కుందుర్పి అవతల ఒకటుంది పిన్నీ. అదే నన్ను తినేస్తోంది."

దాని చిక్కంతా అప్పుడు బయటపడింది. ఆ ఊళ్ళో ఇదివరకు ట్రాన్స్‌ఫార్మర్లు ఊరికే కాలిపోయేవి. పెట్టె పెట్టాక కాలడం ఆగింది, కానీ కరెంటే నిలవడం లేదు. వేసిన నిమిషానికే పెట్టె లైను తీసేస్తోంది. మోటార్ల లెక్క చూస్తే ట్రాన్స్‌ఫార్మరు మోయాల్సినన్నే ఉన్నాయి. శ్రావణి వారం రోజులుగా పెట్టె సెట్టింగులు మార్చి మార్చి చూస్తోంది. ఊరివాళ్ళు విసిగిపోయి, ఎల్లుండి పొద్దున పాల కేంద్రం దగ్గర కూర్చుని పెట్టె పీకించేద్దామని నిర్ణయించుకున్నారట.

"తప్పు నాదేనేమో పిన్నీ. నాకు పని రాదేమో" అంది.  సరే పద, ఆ పెట్టెనూ చూద్దామన్నాను.

కుందుర్పి దారి

కళ్యాణదుర్గం దాటాక చెట్లు తగ్గి ఆకాశం పెరుగుతుంది. మా వైపు ఎటు చూసినా కొబ్బరాకు అడ్డం. ఇక్కడ చూపును ఆపేదేదీ లేదు. ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు, తిరిగీ తిరగనట్టు నిలబడ్డ గాలిమరలు. ఇంత విశాలంగా ఉంటే నాకు దిగులేస్తుందనుకున్నాను. వింతగా, ఊపిరి బాగా ఆడింది.

మేం వెళ్ళింది కుందుర్పి నుంచి ఇంకా లోపలికి. ఆ ఊరి పేరు రాయొద్దని ఊరంతా కలిసి అడిగారు. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

స్కూటరు మీద వెళ్తుంటే మా వెనక దుమ్ము గోపురంలా లేచింది. ఆ ఊళ్ళో ఎవరొస్తున్నా చాలా దూరం నుంచే తెలిసిపోతుందని శ్రావణి చెప్పింది. ఈ దుమ్ము సంగతి కూడా గుర్తుంచుకోండి.

లక్ష్మీదేవి చీనీ తోట

మేం దిగింది లక్ష్మీదేవి ఇంట్లో. నలభై ఏళ్ళుంటాయి. మాట గట్టిది, నవ్వు అంతకన్నా గట్టిది. భర్త గొర్రెలు తోలుకుని కర్ణాటక వైపు వెళ్ళాడు, వానలు పడ్డాకే వస్తాడు. అందాకా ఇల్లూ తోటా ఆవిడవే.

కూర్చోగానే రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, పాలకూర పప్పు పెట్టింది. చెనిక్కాయలంటే మన వేరుశెనగలే, ఊరిబిండంటే పచ్చడి. సంగటిని నేను అన్నంలా నమలబోతే ఆవిడ పడీపడీ నవ్వింది.

"నమిలేది కాదక్కా! ముద్ద చేసి, ఊరిబిండిలో అద్ది, మింగేయాల. పళ్ళకు పనేం లేదు."

మింగాను. గొంతులో సగం దూరం వెళ్ళి ఆలోచనలో పడింది. నీళ్ళు తాగి తోశాను. మూడో ముద్దకు అలవాటైంది. నాలుగో ముద్ద నేనే అడిగాను.

తిన్నాక తోటకు తీసుకెళ్ళింది. చీనీ అంటే మన బత్తాయి. చెట్లన్నీ ఆకులు ముడుచుకుని, ఏదో జబ్బు చేసినట్టున్నాయి. అయ్యో అన్నాను.

"జబ్బు కాదక్కా, నేనే ఎండబెట్టినా" అంది. చీనీ చెట్టుకు నెలా నెలన్నర నీళ్ళు ఆపేస్తారట. ఆకు వాడి ముడుచుకున్నాక, ఇక తట్టుకోలేదనే సమయానికి పాదుల నిండా నీళ్ళు పెడితే, బతికాననే సంతోషానికి చెట్టు విరగబూస్తుందట. ఆ పూతే కాపు. మా వైపు చెట్టుకు దప్పికంటే ఏమిటో తెలియదు. నాకు ఆవిడ చెప్పింది నమ్మశక్యం కాలేదు.

"మరి ఎప్పుడు పెడతారమ్మా నీళ్ళు?"

లక్ష్మీదేవి నవ్వు ఆగింది. "పోయిన వారమే పెట్టల్ల. కరెంటు నిలిస్తే కదా. ఇంగ నాలుగు దినాలు ఇట్లే పోతే ఆకు రాలుతాది. ఆకు రాలితే పూత లేదు, ఒక్కోసారి చెట్టూ లేదు. నాలుగేండ్లు బిందెల్తో పోసి సాకినానక్కా వీటిని. ఇదే మొదుటి కాపు."

ఒక ఆకును వేళ్ళతో తడిమింది. కాయితం చప్పుడైంది.  మా ఇంటి వెనక కాలవ ఉంటుంది. అందులో నీళ్ళు ఎండాకాలం కూడా పోతుంటాయి, గిన్నెలు కడిగి వాటిల్లోనే ఒంపుతాం. ఆ ముక్క ఆవిడకు చెప్పడానికి నోరు రాలేదు. మా ఊళ్ళో కరెంటంటే ఫ్యాను. ఇక్కడ కరెంటంటే నీళ్ళు.

బోరు దగ్గర రేకుల గూటిలో మోటారు స్టార్టరుంది. దాని పక్కన సబ్బు పెట్టెంత డబ్బా ఒకటి, తీగలతో తగిలించి ఉంది. అదేంటని అడిగాను. శ్రావణి దూరంగా స్తంభం దగ్గరుంది. లక్ష్మీదేవి అటు చూసి, గొంతు తగ్గించింది.

"ఆటో అంటారక్కా దీన్ని. కరెంటు వచ్చినేటికి మోటారు అదే వేసుకుంటాది, మనిషి పోయే పనిలేదు. ముందర రేత్రిళ్ళు కరెంటిచ్చేటోళ్ళు. చీకట్లో పాములు తొక్కలేక అందరం పెట్టుకుంటిమి. పెట్టె వచ్చినంక తీసేయమని పాప ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ తీసేసినారు. మాదొక్కటే ఉండాదక్కా. ఒక్కదాంతో ఏమైతాది? పాపకు చెప్పాకు."

"చెప్పను."

"తిన్న అన్నం మీద చెప్పు."

సంగటి ఇంకా గుండెల దగ్గరే ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని, నీ ఇంటి మాట శ్రావణితో అనను అని ఒట్టేశాను.

ఇంకో రెండిళ్ళు

గోదావరి నుంచి మనిషొచ్చిందని మర్నాడు పొద్దున్నే పిలుపులు మొదలయ్యాయి. మా ఊళ్ళో చుట్టాన్ని భోజనానికి పిలవాలంటే ముందురోజు ఫోన్ చేసి, కూరలేం తింటారని వాకబు చేసి నానా హడావుడి చేస్తాం. ఇక్కడ వీధిలో పోతుంటే రెక్క పట్టుకుని లోపలికి లాగేస్తారు.

మొదట లాగింది మేరమ్మ. మొగుడు యేసురత్నం టమాటా వేశాడు. జొన్నరొట్టె కాల్చి పెట్టి, నేను తింటున్నంతసేపూ పక్కన కూర్చుని విసిరింది. గోడ మీద ఏసుప్రభువు పటం, దాని కింద కరెంటు మీటరు. మీ ఊళ్ళో కాలవలో నీళ్ళు ఊరికే పోతాయంట నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను. "ఊరికేనా? ఎవరూ తీసుకోరా?" అంటూ ఆ మాటనే నాలుగుసార్లు అడిగి, నాలుగుసార్లూ మొగుడి వంక చూసింది.

లేచేటప్పుడు యేసురత్నం గుమ్మం దాకా వచ్చి, అటూ ఇటూ చూశాడు.

"అక్కా, పాప మీ బిడ్డ మాదిరి కదా. మాకు పాప మీద కోపం లేదు. ఊర్లో అందరూ ఆటోలు తీసేసినారు. మాదొక్కటే ఉండాది. నాకు మోకాళ్ళ నొప్పి, తోట దూరం, అందుకని పెట్టుకున్న్యా. ఒక్కదాంతో ఏమైతాది? పాపకు చెప్పొద్దక్కా."

రొట్టె మీద ఒట్టేశాను. గేటు దాటాక నాకేదో తట్టినట్టయి ఆగాను. మళ్ళీ, ఊళ్ళో ఇద్దరే కదా అని సర్దుకున్నాను.

మధ్యాహ్నం తిమ్మప్ప ఇల్లు. పెట్టె పీకించాలని అందరికన్నా గట్టిగా అరుస్తున్నది ఆయనే. ఆయన మీసం చూసే నేను సగం భయపడ్డాను. భోజనం మాత్రం పెళ్ళివారికి పెట్టినట్టు పెట్టాడు. చిత్రాన్నం, కొర్రన్నం, మీద నెయ్యి వేసిన ఓళిగలు. ఓళిగలంటే మన బొబ్బట్లే, కానీ మనవి వీటి ముందు అట్టముక్కలు. అలా అన్నందుకు మా అక్క ఇప్పటికీ దెప్పుతోంది.

రెండో ఓళిగ తుంచుతుండగా తిమ్మప్ప దగ్గరికి జరిగాడు. ఆయన నోరు తెరవకముందే నాకు అర్థమైపోయింది.

"ఊర్లో అందరూ..."

"తీసేశారు" అన్నాను.

"మాది..."

"ఒక్కటే ఉంది."

ఆయన మీసం కిందికి జారింది. "ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. ఓళిగ అద్భుతంగా ఉంది" అన్నాను. దాని మీదా ఒట్టేయించుకున్నాడు. శ్రావణి స్వయంగా వచ్చి చూసినప్పుడు మరి ఏం చేశారని అడిగితే, "దుమ్ము కనపడతానే పీకేస్తిమి. పాప పోయినంక మళ్ళీ తగిలిస్తిమి" అని నిజాయితీగా చెప్పాడు.

ఆ సాయంత్రం నా అవస్థ పగవాడికి కూడా వద్దు. అరుగు మీద శ్రావణి లాప్‌టాప్ ముందు పెట్టుకుని, తప్పు తనలోనే ఎక్కడుందోనని వెతుకుతోంది. లోపల లక్ష్మీదేవి మాకోసం రొట్టెలు చేస్తూ, ఎండుతున్న తోట గురించే మాట్లాడుతోంది. ఒకరికి జవాబు కావాలి, ఇంకొకరికి నీళ్ళు కావాలి. రెండూ నా కడుపులో ఉన్నాయి, మూడిళ్ళ తిండి కింద ఒట్టు పెట్టుకుని. అందరూ మంచివాళ్ళే, అందరూ ప్రేమగా పెట్టినవాళ్ళే. అందుకే నోరు మెదపలేను.

"అసలు ఆ ఆటోలుంటే ఏమవుతుందే?" అని ఏమీ ఎరగనట్టు అడిగాను.

"బస్సు ఎక్కేటప్పుడు చూడు పిన్నీ. లోపల అందరికీ సీట్లుంటాయి. కానీ అందరూ ఒకేసారి తలుపులో దూరితే తలుపే ఊడుతుంది. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి వేస్తే ఏ బాధా లేదు. ఆటోలుంటే అన్నీ ఒక్క క్షణంలో దూరతాయి. కానీ అవి తీసేశారుగా" అంది.

దాని పక్కకు జరిగి కూర్చున్నాను. తర్వాత నెమ్మదిగా అన్నాను. "రేపు పాల కేంద్రం దగ్గరికి మోటారున్న ప్రతి ఇంటి మనిషీ వచ్చేలా చూడు. ఒక్కరు కూడా పొలంలో ఉండకూడదు. అందరూ కూర్చున్నాక, వాళ్ళ ముందే ఫోన్లోంచి కరెంటు వెయ్యి."

"ఎందుకు పిన్నీ?"

"ఊరికే. నీ ఫోన్ ఎంత బాగా పనిచేస్తుందో చూస్తారని."

శ్రావణి నా మొహంలోకి చాలాసేపు చూసింది. వాళ్ళమ్మ పోలిక, ఇంక అడగలేదు. లాప్‌టాప్ మూసేసి, ఆ రోజు నాలుగు రొట్టెలు తింది.

పాల కేంద్రం మెట్లు

ఆ ఊళ్ళో సిగ్నలు సరిగ్గా దొరికేది పాల కేంద్రం మెట్ల మీదే. పొద్దున్నే క్యాన్లు ఖాళీ చేసి జనం అక్కడే కూర్చున్నారు. మేరమ్మ, యేసురత్నం, లక్ష్మీదేవి, ఇంకా పేర్లు తెలియని చాలామంది. అందరూ నన్ను చూసి తల ఊపుతున్నారు, కొంతమంది మరీ అభిమానంగా. నేను భోజనానికి వెళ్ళని ఇళ్ళవాళ్ళు కూడా శ్రావణి నుంచి చూపు తప్పించడం గమనించాను.

శ్రావణి పేర్లు పిలిచి, అందరూ వచ్చారా అని రెండుసార్లు అడిగింది. అందరూ వచ్చారు. పెట్టె పీకే ముచ్చట చూడకుండా ఎవరుంటారు?

తిమ్మప్ప లేచాడు. వెనక రోడ్డవతల ఆయన సొంత బోరే, దాని గొట్టం కింద సిమెంటు తొట్టి. తొట్టిని ఆనించి, గొట్టం ముందే ఆయన మోటారు సైకిలు నిలబెట్టుకున్నాడు.

"ఏమప్పా, ఎన్ని దినాలు ఓర్చుకునేది? పాప మంచిదే. పెట్టే మంచిది కాదు. ఆటోలు తీయమంటే తీసేస్తిమి. ఇంగేం తీయల్ల? మా బోరు చూడండి, ఈడే ఉండాది, ఆటో ఉండాదా దాంట్లో?"

శ్రావణి ఫోన్ని పెద్ద తెర ఉన్న ట్యాబుకి కలిపి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. "కరెంటు వేస్తున్నానన్నా. మీరు మాట్లాడండి" అని మీట నొక్కింది.

తెర మీద గీత గోడెక్కే పిల్లిలా నిలువునా లేచింది.

"నిజం చెప్పాలంటే మా బోరుకు..." అని తిమ్మప్ప అంటుండగానే ఆయన వెనక గొట్టం గుర్రుమని దగ్గింది. ఒకసారి ఉమ్మి, రెండోసారి ధారాళంగా మోటారు సైకిలు సీటు మీద కుమ్మరించింది. దూరాన ఇంకో గొట్టం, ఆ పక్కన ఇంకోటి. ఎవరి పొలంలో వాళ్ళ నీళ్ళు ఎండలో తళుక్కుమన్నాయి. తొట్టి దగ్గర పడుకున్న కుక్క ప్రాణభయంతో పరిగెత్తింది. అంతలోనే టప్‌మని అన్నీ ఆగిపోయాయి. గీత నేలకు పడింది.

 పాల క్యాను మూత ఒకటి జారి మెట్ల మీద దొర్లుకుంటూ కిందిదాకా వెళ్ళింది.

"అందరూ ఈడే ఉండారు కదన్నా" అంది శ్రావణి, అచ్చం వాళ్ళలాగే. "మోటార్లు ఎవరేసినారు?"

తిమ్మప్ప వెనక్కి తిరిగి తడిసిన బండిని చూశాడు. ఇటు తిరిగి యేసురత్నాన్ని చూశాడు. "నీదీ ఉండాదా?"

"నాదొక్కటే అనుకుంటిని!" అన్నాడు యేసురత్నం.

లక్ష్మీదేవి లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళున్నాయి. "మాదీ ఉండాది. నా తోట నేనే ఎండబెట్టుకుంటాండా" అంది. ఆ తర్వాత ఆ మూల నుంచి ఒకరు, ఈ మూల నుంచి ఒకరు. మాదీ, మాదీ, మాదీ. ఎవరు ముందు నవ్వారో తెలియదు, మేరమ్మే అనుకుంటాను. నవ్వు మెట్లెక్కి దిగింది. తిమ్మప్ప మీసం వణికి వణికి, చివరికి ఆయనా తువ్వాలులో మొహం పెట్టుకుని నవ్వాడు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే శ్రావణి నన్ను చూసి కన్ను గీటింది. ఒట్టు ఒక్కటి కూడా తప్పలేదు.

ఆటోలు తీయక్కర్లేదంది శ్రావణి. ఒక్కో దానికి వేరువేరు ఆలస్యం పెట్టే చిన్న టైమరు తగిలిస్తే, కరెంటు రాగానే ఒకరి తర్వాత ఒకరి మోటారు లేస్తుంది. అందరూ మంచి ఉపాయమన్నారు. అయితే మొదలు ఎవరిది? అక్కడ మళ్ళీ రభస. ఒక్కసారిగా అందరూ లేచారు, అచ్చం వాళ్ళ మోటార్లలాగే.

"కూచోండప్పా!" అని తిమ్మప్ప గద్దించాడు. "మొదుటిది లక్ష్మీదేవికి. చీనీ ఆగదు. మనకు కాస్త ఆలస్యమైతే ఏం పోతాది?"

ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. రెండోది ఎవరిదన్నది మాత్రం పొద్దెక్కేదాకా తేలలేదు.

మొదటి నీళ్ళు

కళ్యాణదుర్గం అంగళ్ళలో టైమర్లు తెచ్చి, అందరివీ తగిలించేసరికి ఆ రోజు గడిచింది. మర్నాడు పొద్దున కరెంటొచ్చింది. తోటలో లక్ష్మీదేవి పారతో నిలబడింది, నేను చీర ఎగ్గట్టి పక్కన. గొట్టం దగ్గి, నీళ్ళు పడ్డాయి. శ్రావణి తెర చూస్తూ లెక్క చెబుతోంది. గీత ఒక మెట్టెక్కి ఆగింది. కాసేపటికి యేసురత్నానిది, రెండో మెట్టు. తర్వాత తిమ్మప్పది. మెట్ల మీద మెట్లుగా లేచి, గీత అలా నిలబడిపోయింది. పడలేదు.

మొదటి పాదు నిండుతుంటే మట్టి బుడబుడమంది. నా చెప్పు ఒకటి కాలవలో కొట్టుకుపోతే లక్ష్మీదేవి పారతో ఆపింది. "నీళ్ళోళ్ళకు నీళ్ళలో నడిచేది రాదా?" అని నవ్వి, ఉన్నట్టుండి నన్ను గట్టిగా కావలించుకుంది. బురద చేతులు నా చీర మీద ఇప్పటికీ ఉన్నాయి. నేను ఆ చీర ఉతకలేదు.

మళ్ళీ అమలాపురం

తిరుగు రైల్లో నా పక్కన చెనిక్కాయల మూట, ఊరిబిండి డబ్బా. అమ్మాయి తింటోందా అని అక్క అడిగింది. ఊరంతా పెడుతోంది, నీకెందుకే అన్నాను.

శ్రావణి ఆ పెట్టె గీతను నా ఫోన్లో కూడా కనబడేలా పెట్టిచ్చింది. చూడ్డమే, మీటలేవీ నా చేతిలో లేవు. రోజూ పొద్దున పప్పు పొయ్యి మీద పడేసి గీత తెరుస్తాను. ఒక మెట్టు. లక్ష్మీదేవి లేచింది. రెండో మెట్టు. యేసురత్నం మోకాళ్ళు ఎలా ఉన్నాయో. మూడో మెట్టు. తిమ్మప్పగారూ, ఓళిగలు. ఇలా చెప్పుకుంటుంటే, పెట్టె చూడ్డం అంటే ఇదన్నమాట అని మాస్టారు కూడా ఒప్పుకున్నారు.

ఈ నెల మధ్యలో ఒక పొద్దున గీత లేవలేదు. నేల మీద పాకుతూనే ఉంది. మొదటి మెట్టు లేదు, రెండోది లేదు.  పెట్టె పాడైందా? మళ్ళీ గొడవపడ్డారా? పూత మీదున్న తోట ఏమైపోవాలి? శ్రావణి ఫోన్ ఎత్తలేదు. లక్ష్మీదేవికి చేశాను.

ఎత్తింది కానీ మాట వినబడలేదు. ఏదో హోరు.

"లక్ష్మీదేవీ! కరెంటు లేదా? పెట్టె పోయిందా?"

"ఏమక్కా? గట్టిగా చెప్పు!"

"మోటారు లేవలేదేం అమ్మా?"

"మోటారెందుకక్కా, వాన! వాన పడతాండాది! కరెంటుండాది, మాకే అక్కర్లేదు. అందరం పొద్దున్నే తడుసుకుంటా పోయి ఎవరి మోటారు వాళ్ళు బంద్ చేసినాం. యేసురత్నమన్న గూడా పోయినాడు, మోకాళ్ళు పట్టుకోని. తోట చూడల్ల నువ్వు, తెల్లగా పూసిండాది. ఉండు, విను!" అని ఫోన్ని బయటికి చాపింది.

విన్నాను. పొయ్యి కట్టేసి విన్నాను. కౌంటరు ముందు జనం పోగయ్యారు.

"ఏమైందండీ?" అన్నారు మాస్టారు.

"కుందుర్పి అవతల వాన పడుతోందండీ" అన్నాను. కళ్ళు తుడుచుకుని గరిటె తీశాను. ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ పప్పు ఒక గరిటె ఎక్కువే వేశాను.